వసంతానికి రిబ్బన్

ఈ ఏడాది నుంచి వసంతం ప్రభుత్వ ఆధ్వర్యంలో ప్రారంభమవుతుందని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. ఆ వార్త చదివి నేను మంచం మీద లేచి కూర్చున్నాను. పాఠకులకు నా సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను, నేను మామూలుగా దేనికీ లేవను. ఉద్యోగం వచ్చేదాకా అని అక్కావాళ్ళ ఇంట్లో చేరి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి పేపరు పడుకునే చదువుతున్నాను. అలాంటివాణ్ణి లేపి కూర్చోబెట్టిందంటే ఆ ప్రకటనలో ఎంత పస ఉందో ఊహించుకోండి.

నిదానంగా ఆలోచిస్తే ఇన్నాళ్ళూ వసంతం ఎంత అరాచకంగా వచ్చేదో అర్థమైంది. ఒక తేదీ లేదు, ఆహ్వానపత్రిక లేదు, అధ్యక్షోపన్యాసం లేదు. పొద్దున లేచేసరికి చెట్టు చిగురు వేసి నిలబడి ఉండేది. ఎవరినడిగి వేశావని దాన్ని అడిగిన నాథుడు లేడు. రైతులు కూడా అంతే. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు కొమ్మలు కత్తిరించుకోవడం, విత్తనాలు వేసుకోవడం, పశువుల్ని పచ్చిక మీదికి తోలుకోవడం. ఒక పద్ధతీ పాడూ లేదు. మంత్రిగారు వచ్చాక ఈ బాధ తీరింది.

"వసంతకాల సాగు సలహాలు అనే పుస్తకాన్ని నేనే స్వయంగా విడుదల చేస్తాను" అన్నారు మంత్రిగారు. "ఒక ఆదర్శ తోటలో మొదటి కొమ్మ నా చేత్తో కత్తిరిస్తాను. ఒక ఆదర్శ పచ్చికలోకి మొదటి ఆవును నా చేత్తో తోలుతాను. అప్పుడే వసంతం మొదలైనట్టు లెక్క. అంతదాకా రైతు సోదరులు తొందరపడి ఏ పనీ చేయొద్దు. అది అశాస్త్రీయం."

"ఈలోగా వసంతం దానంతటది వచ్చేస్తేనో?" అని ఎవరో విలేకరి అడిగాడట.

"ఎలా వస్తుంది? నేనింకా డేట్ ఇవ్వలేదు కదా" అన్నారట మంత్రిగారు.

ఆ సమాధానం నేను అక్కకు రెండుసార్లు చదివి వినిపించాను. అక్క పాలు పితుకుతోంది. "మంచి మాటే. నువ్వూ మంత్రిగారొచ్చి ప్రారంభించేదాకా పని మొదలుపెట్టనని కూర్చున్నావు కదా, మీ ఇద్దరికీ జోడీ కుదిరింది" అంది. అక్కకు పరిపాలనా విషయాలు పట్టవు.

మా బావకు దానిమ్మ తోట ఉంది. తోట పక్కనే కాస్త పచ్చిక బీడు, అందులో మేసే ఆవు. తోటకు ఇది మొదటి పూర్తి కాపు పట్టాల్సిన ఏడు. మొదట్లో రెండేళ్ళు వచ్చిన పూతంతా తుంచేశాడు, చెట్టు బలం పుంజుకోవాలని. పోయినేడు కొమ్మకు నాలుగు కాయలు నిలిపాడు. "ఈ ఏడు చూడు బావమరిదీ, బరువుకు విరగకుండా కొమ్మలకు పోటు కర్రలు పెట్టాలి" అని చలికాలమంతా అంటూనే ఉన్నాడు. కర్రలు కూడా నరికి తెచ్చి గోడకు చేర్చి పెట్టుకున్నాడు. భోజనం చేస్తూ కిటికీలోంచి చెట్లవైపే చూసేవాడు. కూర ఏదని అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఆ తోట ఆదర్శ తోటగా ఎంపికైంది.

ఎంపిక ఎంత కట్టుదిట్టంగా జరిగిందో నేను కళ్ళారా చూశాను. వ్యవసాయ శాఖ జాయింట్ డైరెక్టర్‌గారు జీపు దిగి నేరుగా మా స్నానాలగదిలోకి వెళ్ళారు. జేడీగారని అందరూ పిలిచే ఈయన చాలా లోతైన మనిషి. కుళాయి తిప్పి, కమోడ్ మూత ఎత్తి చూశారు. గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూశారు. బయటికి వచ్చి "నేల జారడం లేదు. వెరీ గుడ్" అన్నారు.

"తోట ఇటుంది సార్" అన్నాడు బావ.

"తోటలు అన్నిచోట్లా ఉంటాయండీ" అన్నారు జేడీగారు. "మంత్రిగారు రెండు గంటలు కూర్చోగల చోటు ఈ చుట్టుపక్కల మీ ఒక్కరి దగ్గరే ఉంది. కంగ్రాచులేషన్స్."

బావ అప్పటికి చేతిలో కత్తెర పట్టుకుని ఉన్నాడు. మర్నాడే కొమ్మలు కత్తిరించాలని దానికి సానబెట్టి ఉంచాడు. జేడీగారు ఆ కత్తెరను మెల్లిగా, పసిపిల్లాడి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నట్టు తీసుకున్నారు. "ఇంకెప్పుడూ అలాంటి పని చేయకండి. మొదటి కత్తిరింపు మంత్రిగారిది" అన్నారు.

"మొగ్గ కట్టకముందే కొట్టెయ్యాలి సార్. ఆలస్యమైతే చెట్టు బలమంతా పనికిరాని కొమ్మల్లోకి పోతుంది."

"మా పుస్తకంలో మొదటి సలహా అదే. పూతకు ముందే కొమ్మలు కత్తిరించవలెను. చూశారా, మీకు సగం సలహా అప్పుడే అందిపోయింది. మిగతా సగం మంత్రిగారు వచ్చాక."

"ఎప్పుడొస్తారు సార్?"

"వచ్చే వారం. మీ కాలువ షట్టరు తాళం మా శాఖ దగ్గరే ఉంటుంది కదూ?" అని జేడీగారు నవ్వారు. ఎందుకు నవ్వారో బావకు అర్థమైంది. ఆ కాలువ నీళ్ళే తోటకు ఆధారం.

ఆ సాయంత్రమే శాఖ సిబ్బంది వచ్చి తోట చుట్టూ ఎర్ర రిబ్బన్ కట్టారు. పచ్చిక గేటుకు ఇంకొకటి కట్టారు. ఆవును అవతలిపక్క కట్టేశారు. నాకు 'వసంత మిత్ర' అనే బ్యాడ్జీ ఇచ్చి, ప్రారంభోత్సవం నాడు కత్తెర పళ్ళెం పట్టుకునే బాధ్యత అప్పగించారు. నా జీవితంలో నేను అందుకున్న మొదటి నియామకం అది. మర్నాడు రెండు పూటలా అద్దంలో చూసుకున్నాను.

మా పక్క తోట ఆసామిని అందరూ ఎదురుగాలి అంటారు. ఎవరేం చెప్పినా దానికి అడ్డం తిరగడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆయనదీ దానిమ్మ తోటే. సొంత బావి ఉంది కాబట్టి తాళాల భయం లేదు. మా తోట చుట్టూ రిబ్బన్ కడుతుంటే ఆయన కంచె అవతల నిలబడి కొమ్మలు కత్తిరించుకుంటున్నాడు.

"ఏం పెద్దమనిషీ, సర్క్యులర్ చూడలేదా?" అని జేడీగారు కేకేశారు.

"చూశానండీ. మంత్రిగారు నా గడ్డం కూడా వచ్చి గీస్తారేమో కనుక్కోండి, అదీ ఆపుతాను" అన్నాడు ఎదురుగాలి.

ఇలాంటివాళ్ళ వల్లే దేశం వెనకబడుతోందని జేడీగారు, నేను ఏకాభిప్రాయానికి వచ్చాం.

వచ్చే వారం వచ్చింది. మంత్రిగారు రాలేదు. ఆయన గొంతు పట్టేసిందని పీఏ ఫోన్ చేశాడు. సలహా ఇవ్వాలంటే గొంతు ఉండాలి కదా. గొంతు బాగుపడేసరికి విదేశీ పర్యటన తగిలింది. ఇతర దేశాల్లో వసంతం ఏ విధంగా నిర్వహిస్తున్నారో అధ్యయనం చేయడానికి కుటుంబ సమేతంగా వెళ్ళారు. తీరా అక్కడికి వెళ్ళేసరికి అక్కడ ఆకు రాలే కాలం నడుస్తోందట. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. రాలే ఆకుల కింద నిలబడి ఫొటో దిగి పంపించారు. జేడీగారు ఆ ఫొటో చూసి "అబ్బ, ఎంత కష్టపడుతున్నారో!" అని కళ్ళు తుడుచుకున్నారు.

ఈ సందు చూసుకుని మా చెట్లు మొగ్గలు వేశాయి.

జేడీగారు వార్త తెలిసిన గంటలో వచ్చారు. వచ్చి మొదటి చెట్టు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "ఇది ఎవరి పర్మిషన్‌తో జరిగింది?" అన్నారు.

"ఎండ తగిలింది సార్" అన్నాడు బావ.

"ఎండకు అధికారం ఎవరిచ్చారు? మీరు గట్టిగా చెప్పలేదన్నమాట."

"చెట్టుకు ఏం చెప్పమంటారు సార్?"

"అదే వద్దనేది. ప్రతిదానికీ సాకు." జేడీగారు ఒక మొగ్గను రెండు వేళ్ళతో పట్టుకుని దాని మొహంలోకి చూశారు. అది తలదించలేదు. రెండు రోజుల్లో తోటంతా ఎర్రగా విచ్చుకుంది.

ఆ పూత చూసి తీరాలి. కొమ్మ కనిపించనంత పూత. కత్తిరింపు లేకపోయినా, అలకబూననందుకు ఆ చెట్లను మెచ్చుకోవాలి. బావ రిబ్బన్ బయట నిలబడి తనలో తనే నవ్వుకున్నాడు. "సగం రాలినా సరే బావమరిదీ, కర్రలు పెట్టాల్సిందే" అన్నాడు. అక్క కూడా వంట ఆపి వచ్చి ఆయన పక్కన నిలబడింది. వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన ఊరికే నిలబడడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

మర్నాడు జేడీగారు నిచ్చెనలతో, బుట్టలతో, సిబ్బందితో దిగారు.

"పూత కోసెయ్యండి" అన్నారు.

బావకు వినపడలేదేమో అని నేను మళ్ళీ చెప్పాను. వినపడింది. "సార్, అది పూత సార్. పిందె పడేది దానికే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు జేడీగారికి అర్థం కావాలని చాలా నెమ్మదిగా వచ్చింది.

జేడీగారు ఏమాత్రం విసుక్కోలేదు. బావను కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించారు. "చూడండి. మన మొదటి సలహా ఏమిటి? పూతకు ముందే కత్తిరించవలెను. రేపు మంత్రిగారు వచ్చి, పూసిన చెట్టును కత్తిరించారనుకోండి. అప్పుడు సలహాను ఉల్లంఘించింది ఎవరు? మంత్రిగారు! మీ తోటలో, మీ సాక్షిగా, మంత్రిగారిని దోషిగా నిలబెడతారా? కాబట్టి మంత్రిగారు ముందుకు రాలేనప్పుడు పూతే వెనక్కి వెళ్ళాలి."

నేను చాలామంది మాటలు విన్నాను గాని ఇంత గట్టి తర్కం ఎక్కడా వినలేదు.

అక్క మాత్రం ఊరుకోలేదు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! తోటకు సలహా ఇస్తామని వచ్చి పూత కోసుకుపోతారా? మా చెట్లు మీకేం అన్యాయం చేశాయండీ?" అంది.

"అమ్మా, మీరు ఆవేశపడుతున్నారు. ఎనిమిదో పేజీలో దానికీ సలహా ఉంది, విడుదలయ్యాక చూడండి" అన్నారు జేడీగారు. ఆ తర్వాత మాటల మధ్యలో యథాలాపంగా కాలువ గురించి అడిగారు.

బావ అక్క చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిపోయాడు.

సాయంత్రానికి చెట్లన్నీ బోసిగా మిగిలాయి. పుస్తకం అట్ట మీద మోడు చెట్టు బొమ్మ ఉంది కాబట్టి, పోలిక కుదరడం కోసం ఆకులు కూడా దూసేశారు, తర్వాత చిగురు వేసినప్పుడల్లా దూస్తూనే వచ్చారు. బుట్టల్లో పూత జీపు ఎక్కింది. కిందపడిన నాలుగు పూలను బావ ఏరి, ఏం చేయాలో తోచక జేబులో వేసుకున్నాడు. నేను వసంత మిత్రను కాబట్టి బాధపడకూడదు. కానీ బాధ వేసింది. బ్యాడ్జీ తీసి రాత్రంతా దిండు కింద పెట్టుకుని, పొద్దున్నే మళ్ళీ తగిలించుకున్నాను.

ఇక పచ్చిక సంగతి. గడ్డి జానెడు ఎదిగాకే పశువులను వదలవలెను అన్నది నాలుగో సలహా. గడ్డి జానెడు ఎదిగింది. ఆగమంటే ఆగకుండా మోకాలెత్తు ఎదిగింది. మంత్రిగారు వచ్చే రోజుకు కచ్చితంగా జానెడే ఉండాలి కాబట్టి సిబ్బంది దాన్ని ఎప్పటికప్పుడు కోసి సరిచేసేవారు. ఎవరి జాన అన్న సమస్య వచ్చింది. మంత్రిగారి జానేనని తేల్చి, పీఏకి ఫోన్ చేసి కొలత తెప్పించారు.

"కోసిన గడ్డయినా మా ఆవుకు వేయండయ్యా, దాని డొక్కలు చూడండి" అంది అక్క.

"ప్రారంభం కాని గడ్డమ్మా అది. ఆవు తినకూడదు" అన్నారు జేడీగారు. ఆ గడ్డిని రోజూ జీపులో సురక్షిత ప్రదేశానికి తరలించేవారు. ఆ ప్రదేశంలో జేడీగారి మామగారికి పాడి ఉందని తర్వాత తెలిసింది. ఆవులు కూడా బాగా బలిశాయట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్నట్టుందని అక్క గొణిగింది. అది ఆవుకు కూడా వినపడిందనుకుంటాను. ఆ మధ్యాహ్నం అది కట్టేసిన తలుగుతాడు తెంపుకుంది.

గేటు దగ్గరికి వచ్చి, ఎర్ర రిబ్బన్‌ను ఒకసారి వాసన చూసి, తీరిగ్గా నమిలి మింగేసి, లోపలికి నడిచింది.

కాపలా కుర్రవాడు పరుగెత్తుకుపోయి జేడీగారికి ఫోన్ చేశాడు. "సార్! ఆవు వసంతాన్ని ప్రారంభించేసింది సార్!"

జేడీగారు ఎలా వచ్చారో నాకు తెలియదు గాని చెమటలు కక్కుతూ వచ్చారు. "ఎవరైనా చూశారా? ఫొటోలు తీశారా? చప్పట్లు కొట్టారా?" అని అడిగారు.

"చప్పట్లు ఎవరూ కొట్టలేదు సార్" అన్నాను.

ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "అయితే ఆ ప్రారంభం చెల్లదు" అన్నారు. కొత్త రిబ్బన్ కట్టించారు. ఆవును ఊరవతల ఎవరింట్లోనో కట్టేయించారు. ఆ రోజు నుంచి అక్క డబ్బా పాలతో కాఫీ పెట్టింది. దాని రుచి గురించి నేను ఇక్కడ రాయను.

విదేశాల నుంచి తిరిగొచ్చాక మంత్రిగారికి ఇంకో చిక్కు వచ్చిపడింది. మంత్రివర్గంలో మార్పులుంటాయని పుకారు పుట్టింది. తాను లేస్తే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారని ఆయన కుర్చీలోంచి లేవడం మానేశారు. భోజనం, నిద్ర, సమీక్షలు అన్నీ అందులోనే. బాధ్యతను అంత గట్టిగా పట్టుకుని కూర్చున్న మంత్రి ఇంకొకరు లేరు. ఆ పుకారు చల్లారి ఆయన లేచి ఒళ్ళు విరుచుకునేసరికి ఎండలు రోళ్ళు పగలగొడుతున్నాయి. అప్పుడు మాకు డేట్ వచ్చింది.

వసంత ప్రారంభోత్సవం ఎంత ఘనంగా జరిగిందో వర్ణించడానికి నా శక్తి చాలదు. ఆహ్వానపత్రికలో 'ఈ చల్లని ఉదయాన' అని ముందే అచ్చయిపోయింది కాబట్టి వచ్చిన రైతులందరికీ స్వెట్టర్లు పంచారు. కెమెరాలు తిరుగుతున్నంతసేపూ విప్పకూడదన్నారు. ముందు వరసలో ఇద్దరు ముసలివాళ్ళు సొమ్మసిల్లితే, వసంతపు మత్తు అని అనౌన్స్ చేశారు. పచ్చిక ఎండిపోయి పసుపు తిరిగితే దానికి ఆకుపచ్చ రంగు పిచికారీ చేశారు. కరువులో కూడా ఇంత పచ్చగా ఉంచగల శాఖ మనకుండడం మన అదృష్టం.

మంత్రిగారు కారు దిగి నేరుగా స్నానాలగదికి వెళ్ళి, చాలాసేపటికి ప్రసన్నంగా బయటికి వచ్చారు. వేదికెక్కి పుస్తకం విడుదల చేశారు. "చలి ఇంకా పూర్తిగా పోలేదు. లేత మొక్కలకు గోనెసంచులు కప్పండి" అని రుమాలుతో మెడ తుడుచుకుంటూ సలహా ఇచ్చారు. "నేల వెచ్చబడేదాకా విత్తనం వేయకండి" అన్నారు. చెప్పులు లేని ఒక రైతు ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ శ్రద్ధగా విన్నాడు.

తర్వాత కొమ్మ కత్తిరింపు. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. పళ్ళెంలో బంగారు రంగు కత్తెర ఉంది. దానికి దారం కూడా తెగదని ముందే తెలుసు కాబట్టి, జేడీగారు ఒక కొమ్మను కోసి మళ్ళీ టేపుతో అతికించి ఉంచారు. మంత్రిగారు కత్తెర తీసి చెయ్యి ఎత్తారు. చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే, జనం చప్పట్లు మొదలుపెట్టగానే, కొమ్మ దానంతటదే ఊడి కిందపడింది. ఒక కొమ్మ అంత విధేయత చూపడం నేను ఎక్కడా వినలేదు. ఫొటోగ్రాఫర్ల కోరిక మీద దాన్ని మూడుసార్లు అతికించారు.

మంత్రిగారు వంగి ఆ కొమ్మను చూసి, తల ఎత్తి, కంచె అవతలికి చూశారు.

అవతల ఎదురుగాలి తోట. ప్రతి కొమ్మా కాయల బరువుతో నేలకు వంగి ఉంది. పోటు కర్రలు పెట్టి ఉన్నాయి. కాయలు చెంప మీద కొట్టినట్టు ఎర్రగా ఉన్నాయి.

"అదేమిటి?" అన్నారు మంత్రిగారు.

జేడీగారి గొప్పతనం నాకు అప్పుడు తెలిసింది. ఆయన రెప్ప కూడా వేయలేదు. "మన సలహాలు పాటించిన తోట సార్" అన్నారు.

"మరి ఇది?" అని మంత్రిగారు మా మోడులవైపు చూపించారు.

"పాటించని తోట సార్. తేడా తమరు కళ్ళారా చూడాలనే రెండూ పక్కపక్కన చూపించాం."

"బ్రహ్మాండం!" అన్నారు మంత్రిగారు. మళ్ళీ వేదికెక్కి మైకు తీసుకున్నారు. "సోదరులారా, సలహా వింటే ఏమవుతుంది, వినకపోతే ఏమవుతుంది, ఇదిగో చూడండి! ఏరీ, ఈ తోట ఆసామి ఎక్కడ? ఒకసారి లేవండి."

బావ లేచాడు. ఆయనకు పంచిన స్వెట్టరుకు చేతులు పొడుగు. అందరూ ఆయనవైపు చూశారు. ఆయన వెనకనున్న మోడులవైపు చూశారు. పాపం అని కొందరన్నారు, మొండివాడు అని ఎక్కువమంది అన్నారు. పళ్ళెం పట్టుకున్నవాడు తలదించుకోకూడదని నాకెవరూ చెప్పలేదు. దించుకున్నాను.

"సార్" అన్నాడు బావ జేడీగారితో, వేదిక కింద, మెల్లిగా. "మీరు చెప్పినట్టే కదా సార్ చేశాను."

"ఎవరు కాదన్నారండీ?" అన్నారు జేడీగారు అంతే మెల్లిగా. "చేయడం చెప్పినట్టే చేశారు. ఫలితమే చెప్పినట్టు రాలేదు."

ఎదురుగాలిని కంచె అవతల నుంచి పట్టుకొచ్చి వేదిక ఎక్కించి, ఆదర్శ రైతు షీల్డు చేతిలో పెట్టారు. "చెప్పండి, ఇంత కాపు ఎలా సాధించారు?" అని మంత్రిగారు మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

"ఎప్పుడూ చేసేదేనండీ. అదునులో కొమ్మలు కొట్టాను, నీళ్ళు పెట్టాను..."

"మా సలహాల ప్రకారం!"

"మీ సలహాలు విడుదలైంది ఇవాళే కదండీ?"

దురదృష్టవశాత్తు మైకు అక్కడ ఆగిపోయింది. బాగుపడేసరికి మంత్రిగారు మాట్లాడుతున్నారు. "వచ్చే ఏడాది వసంతాన్ని ఈయన తోటలోనే ప్రారంభిస్తానని ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. ఎదురుగాలి షీల్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయన ఎవరికీ ఎదురు చెప్పకుండా నిలబడడం అదే మొదటిసారి.

మర్నాడు బావకు శాఖ నుంచి నోటీసు వచ్చింది. తెచ్చినవాడు సంతకం తీసుకుని, గుమ్మం దాటకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. బావ దాన్ని నా చేతికిచ్చి చదవమన్నాడు.

'తాము ఆదర్శ క్షేత్రముగా ఎంపికై యుండియు, గౌరవ మంత్రివర్యుల పర్యటన వేళకు ఒక్క కాయనైనను చూపలేకపోయినందున, తమరికి కఠిన శిక్ష విధించడమైనది. రాబోవు మూడు సంవత్సరముల పాటు ఈ శాఖకు చెందిన ఏ అధికారియు తమ పొలములో అడుగుపెట్టరు. ఏ విధమైన సలహాయు తమకు ఇవ్వబడదు. సిబ్బంది ఎవరూ అటు రారు కనుక కాలువ షట్టరు తాళము తమరే ఉంచుకొని, తమ బాధలు తామే పడవలెను.' కింద తాళం దారంతో కట్టి ఉంది.

బావ దారం విప్పి తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"మళ్ళీ చదువు" అన్నాడు.

చదివాను.

"మూడేళ్ళా?"

"మూడేళ్ళే బావా."

"సంతకం ఉందా? సీలు సరిగ్గా పడిందా?"

అన్నీ ఉన్నాయని చూపించాను. బావ "ఏమేవ్!" అని లోపలికి కేక వేశాడు. అక్క కంగారుగా వచ్చింది. తాళం అక్క చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చాడు. పూత కోసిన రోజు కూడా ఆయన ఏడవలేదు. అక్క కాగితం చదువుకుని, ఆయన వీపు మీద చెయ్యి వేసి, "ఒరేయ్ తమ్ముడూ, పోయి ఆవును తోలుకురారా" అంది. నేను వెంటనే లేచి వెళ్ళాను.

నేను ఆవుతో తిరిగొచ్చేసరికి ఎదురుగాలి మా వరండాలో కూర్చుని ఉన్నాడు. షీల్డును తువ్వాలులో చుట్టి, బల్ల కిందికి తోశాడు. నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి సగమయ్యాడు.

"అన్నా, పొద్దున జేడీ వచ్చాడు" అన్నాడు బావతో. "చెట్లన్నిటికీ నంబర్లు వేశాడు. కాయలు కోయొద్దన్నాడు. వచ్చే వసంతానికి మంత్రిగారు చూడాలట, అంతదాకా చెట్టు మీదే ఉండాలట. కుళ్ళిపోతాయి కదయ్యా అంటే, కుళ్ళకుండా చూడమని కాపలా పెట్టాడు. నా తోటలోకి నన్నే రానివ్వడం లేదన్నా."

అక్క ఆయనకు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు. బావ గోడకు అంటించిన నోటీసును మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"నాకూ ఈ శిక్షే వేయించన్నా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. "ఏం తప్పు చేస్తే ఇది వేస్తారో కాస్త చెప్పు. ఎంత కష్టమైనా సరే, అదే చేస్తాను."

దాచుకోవాల్సిందేమీ బావ దగ్గర లేదు.

"వాళ్ళు చెప్పినవన్నీ చేశాను" అన్నాడు.